అలర్ట్ వచ్చింది, కానీ చూడలేదు: మానిటరింగ్ అడ్వాన్స్‌డ్ ట్రైనింగ్‌లో అసలు ఏం నేర్చుకోవాలి?

మీ ఫోన్‌లో బ్యాటరీ అయిపోవస్తే ఏం జరుగుతుందో ఒకసారి గుర్తు చేసుకోండి. ఐఫోన్ అయితే 20 శాతం దగ్గర ఒకసారి, 10 శాతం దగ్గర ఇంకోసారి చెప్తుంది. అంతే. 99, 98, 97 అంటూ ప్రతి శాతానికీ పాప్‌అప్ ఇచ్చిందనుకోండి, రెండో రోజే నోటిఫికేషన్లు ఆఫ్ చేసేస్తాం. పోనీ 1 శాతం దగ్గర మాత్రమే చెప్తే? ఛార్జర్ వెతుక్కునే టైమ్ కూడా ఉండదు. మనం ఇంకా ఏదైనా చేయగలిగే టైమ్‌లో, తక్కువసార్లు చెప్పడం. మంచి అలర్ట్ అంటే ఇదే.

ఇప్పుడు ఒక్క ఫోన్ బదులు 500 సర్వర్లు, 60 స్విచ్‌లు, 20 డేటాబేస్‌లు ఉన్నాయనుకోండి. వాటన్నింటినీ రాత్రీపగలూ చూస్తూ, ఎప్పుడు ఎవరిని నిద్ర లేపాలో నిర్ణయించేదే ఎంటర్‌ప్రైజ్ మానిటరింగ్ సాఫ్ట్‌వేర్. దీన్ని ఇన్‌స్టాల్ చేయడం ఒక వీకెండ్‌లో నేర్చుకోవచ్చు. సరిగ్గా నడపడం మాత్రం వేరే కథ. అడ్వాన్స్‌డ్ అడ్మినిస్ట్రేషన్ ట్రైనింగ్ ఉన్నది ఆ రెండో దాని కోసమే. దాంట్లో ఏం ఉంటుంది, ఎందుకు ఉంటుంది అనేది ఈ ఆర్టికల్‌లో చూద్దాం. ఉదాహరణకి జాబిక్స్ తీసుకుందాం. ఎందుకంటే ఇది ఓపెన్ సోర్స్, మీరు ఇంట్లోనే ఫ్రీగా వేసుకుని ట్రై చేయొచ్చు.

ముందు జాబిక్స్ గురించి రెండు ముక్కలు

లాత్వియాకి చెందిన అలెక్సీ వ్లాదిషెవ్ మొదలుపెట్టిన ప్రాజెక్ట్ ఇది. 2001లో ఓపెన్ సోర్స్‌గా బయటికి వచ్చింది, 2005లో దాని వెనుక కంపెనీ ఏర్పడింది. దీంట్లో ముఖ్యమైన భాగాలు ఐదు. సర్వర్ అనేది మెదడు. డేటాబేస్‌లో వచ్చిన కొలతలన్నీ దాచుకుంటుంది. వెబ్ ఫ్రంటెండ్‌లో మనం గ్రాఫులు చూస్తాం, సెట్టింగులు మారుస్తాం. ఏజెంట్ అనే చిన్న ప్రోగ్రామ్ ఒక్కో మెషీన్‌లో కూర్చుని సీపీయూ, మెమరీ, డిస్క్ వివరాలు చెప్తుంది. ప్రాక్సీ అనేది దూరంగా ఉన్న బ్రాంచిలో మన తరఫున డేటా సేకరించే ఏజెంటు లాంటిది.

ఇంకో నాలుగు పదాలు తెలిస్తే చాలు. హోస్ట్ అంటే మనం చూస్తున్న మెషీన్. ఐటమ్ అంటే దాంట్లో మనం కొలిచే ఒక్కో విషయం. ట్రిగ్గర్ అంటే 'ఇది దాటితే సమస్య' అనే కండిషన్. యాక్షన్ అంటే సమస్య వచ్చినప్పుడు ఎవరికి, ఎలా చెప్పాలి అనేది. బేసిక్ కోర్సుల్లో దాదాపుగా ఈ నాలుగూ చెప్పేసి, ఒక డ్యాష్‌బోర్డ్ చేయించి, సరే అనిపిస్తారు. అమీర్‌పేటలో అయినా, ఆన్‌లైన్ వీడియోల్లో అయినా ఇదే సీన్. నేను కూడా అలాగే నేర్చుకున్నా.

ఆ రాత్రి ఏం జరిగిందంటే

ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది. నైట్ షిఫ్ట్, మానిటరింగ్ డెస్క్‌లో నేనొక్కడినే. రెండు దాటాక ఒక స్విచ్ రీబూట్ అయ్యింది. దాని వెనుక 38 సర్వర్లు ఉన్నాయి. ఒక్కో సర్వర్‌కి పింగ్ లేదు, ఏజెంట్ పలకట్లేదు, వెబ్ పేజీ తెరుచుకోవట్లేదు అంటూ దాదాపు తొమ్మిది అలర్టులు. పది నిమిషాల్లో 340కి పైగా మెయిల్స్. స్విచ్ దానంతట అదే లేచింది, సర్వర్లన్నీ మళ్లీ పచ్చగా మారాయి. హమ్మయ్య అనుకుని మెయిల్స్ మొత్తం సెలెక్ట్ చేసి 'చదివేశాను' అని మార్క్ చేశా.

ఆ గుంపులో ఒక మెయిల్ వేరే ర్యాక్‌లో ఉన్న డేటాబేస్ సర్వర్‌ది. లాగ్ డిస్క్ 95 శాతం నిండిందని. తెల్లవారుజామున ఐదున్నర దాటాక డిస్క్ మొత్తం నిండింది, డేటాబేస్ ఆగిపోయింది, క్లయింట్‌కి ఆర్డర్లు ఆగిపోయాయి.

పొద్దున్న మా సీనియర్ వచ్చాక, "అన్నా, దీనికి అలర్ట్ రాలేదు" అన్నా. ఆయన మెయిల్ వెతికి చూపించి, "వచ్చింది తమ్ముడూ, నువ్వే చూడలేదు" అన్నాడు. తిట్టలేదు. ఇంకో ప్రశ్న అడిగాడు: "ఈ 340 మెయిల్స్‌లో నువ్వు నిజంగా ఏదైనా పని చేయాల్సినవి ఎన్ని?" లెక్కపెట్టి చూస్తే రెండు. ఒకటి స్విచ్, ఇంకోటి ఆ డిస్క్. మిగతావన్నీ స్విచ్ పోయిందనే ఒకే వార్తని 300 సార్లకి పైగా చెప్పినవే.

తప్పు నాదే, కాదనను. కానీ ఇంకెవరు ఆ కుర్చీలో ఉన్నా ఏదో ఒక రాత్రి అదే జరిగేది. అడ్వాన్స్‌డ్ ట్రైనింగ్‌కి కూర్చున్నప్పుడు ప్రతి చాప్టర్‌లోనూ నాకు ఆ రాత్రే గుర్తొచ్చింది.

పాఠం 1: ట్రిగ్గర్ రాయడం ఒక ఆర్ట్

బేసిక్‌లో 'సీపీయూ 90 శాతం దాటితే అలర్ట్' అని రాస్తాం. దీంతో ఏమవుతుందంటే ఒక్క క్షణం 91కి వెళ్లి 60కి దిగినా మెయిల్ వస్తుంది. మళ్లీ ఎక్కితే మళ్లీ మెయిల్. దీన్నే ఫ్లాపింగ్ అంటారు. దీనికి రెండు మందులు ఉన్నాయి.

మొదటిది, చివరి వాల్యూని కాకుండా గత ఐదు నిమిషాల్లో కనిష్ఠ వాల్యూని చూడటం. ఐదు నిమిషాల కనిష్ఠమే 90 పైన ఉందంటే, ఆ టైమ్ అంతా సీపీయూ నిజంగానే ఉక్కిరిబిక్కిరి అవుతోందని అర్థం. రెండోది, రికవరీ కండిషన్ వేరుగా పెట్టడం. 90 దాటితే సమస్య మొదలు, కానీ 70 కిందకి వచ్చేదాకా సమస్య తీరినట్టు కాదు. మన ఇళ్లలో ఏసీ థర్మోస్టాట్ కూడా ఇలాగే పనిచేస్తుంది. 24 దగ్గరే ఆన్, 24 దగ్గరే ఆఫ్ అయితే కంప్రెసర్ నిమిషానికోసారి కొట్టుకుంటూ ఉంటుంది.

డిస్క్ విషయంలో ఇంకా మంచి పద్ధతి ఉంది. 10 టెరాబైట్ల డిస్క్‌లో 95 శాతం నిండినా ఇంకా 500 జీబీ ఖాళీ ఉంటుంది. అది ఆరు నెలలు సరిపోవచ్చు. అదే 20 జీబీ లాగ్ డిస్క్ అయితే ఇంకో మూడు గంటల్లో నిండిపోవచ్చు. రెండింటికీ ఒకే 95 శాతం పెట్టడంలో అర్థం లేదు. జాబిక్స్‌లో టైమ్‌లెఫ్ట్ అనే ఫంక్షన్ ఉంది. గత కొన్ని గంటల ట్రెండ్ చూసి, ఈ వేగంతో పోతే డిస్క్ ఎప్పుడు నిండుతుందో లెక్కగడుతుంది. 'నాలుగు గంటల్లో నిండబోతోంది' అని రాత్రి రెండింటికి వచ్చి ఉంటే, ఆ మెయిల్ నా కంటికి వేరేగా కనిపించేది.

ఇక డిపెండెన్సీ. సర్వర్ల ట్రిగ్గర్లని స్విచ్ ట్రిగ్గర్ మీద ఆధారపడేలా సెట్ చేస్తే, స్విచ్ పోయినప్పుడు దాని వెనుక ఉన్న 38 సర్వర్ల గోల ఆగిపోతుంది. ఒకే ఒక్క మెసేజ్: స్విచ్ డౌన్. ఇదొక్కటి చేసి ఉంటే ఆ రాత్రి 340 బదులు రెండే మెయిల్స్ వచ్చేవి.

చివరిగా నో‌డేటా. చాలామంది మర్చిపోయేది ఇదే. ఏజెంట్ చచ్చిపోతే కొత్త వాల్యూలు రావు. కొత్త వాల్యూ రాకపోతే మామూలు ట్రిగ్గర్ తన పాత స్థితిలోనే ఉండిపోతుంది. అంటే డ్యాష్‌బోర్డ్ పచ్చగా, ప్రశాంతంగా కనిపిస్తుంది, లోపల ఏం జరుగుతుందో ఎవరికీ తెలీదు. అందుకే 'ఐదు నిమిషాలుగా అసలు డేటానే రాలేదు' అనే దానికి కూడా ఒక ట్రిగ్గర్ ఉండాలి.

పాఠం 2: లెక్క తెలియకపోతే డేటాబేస్ మునుగుతుంది

కొత్తగా చేసేవాళ్లు అన్నీ కొలిచేద్దాం అనుకుంటారు. ఒక చిన్న లెక్క చేద్దాం. 100 హోస్టులు, ఒక్కోదానికి 100 ఐటమ్స్, నిమిషానికోసారి కొలత. మొత్తం 10,000 ఐటమ్స్. అంటే సెకనుకి దాదాపు 167 కొత్త వాల్యూలు. రోజుకి 1 కోటి 44 లక్షలు. ఒక్కో నంబర్ డేటాబేస్‌లో దాదాపు 90 బైట్లు తీసుకుంటుందనుకుంటే రోజుకి దాదాపు 1.3 జీబీ. 90 రోజులు దాచితే దాదాపు 117 జీబీ. ఇవి 100 మెషీన్లకే!

ఇక్కడే హిస్టరీకీ ట్రెండ్స్‌కీ తేడా తెలియాలి. హిస్టరీ అంటే ప్రతి వాల్యూ ఉన్నదున్నట్టు. ట్రెండ్స్ అంటే గంటకి ఒక్క వరుస: కనిష్ఠం, సగటు, గరిష్ఠం, ఎన్ని వాల్యూలు వచ్చాయి. అవే 10,000 ఐటమ్స్ ట్రెండ్స్ ఏడాది మొత్తం దాచినా 8 జీబీ లోపే అవుతుంది. సంవత్సరం కిందటి సీపీయూ గ్రాఫ్ నిమిషం నిమిషం ఎవరూ చూడరు కదా. హిస్టరీ కొన్ని వారాలు, ట్రెండ్స్ ఏడాది. చాలా చోట్ల ఇది హాయిగా సరిపోతుంది.

పాత డేటాని డిలీట్ చేసే ప్రాసెస్‌ని హౌస్‌కీపర్ అంటారు. డేటాబేస్ పెద్దదయ్యాక ఇది కోట్ల వరుసల్లో వెతికి వెతికి చెరపడానికే అలిసిపోతుంది, మిగతా పనులూ నెమ్మదిస్తాయి. అందుకే టేబుళ్లని రోజువారీ ముక్కలుగా విడగొడతారు, లేదా టైమ్‌స్కేల్ డీబీ వాడతారు. పాతబడిన ముక్కని మొత్తంగా ఒకేసారి పడేస్తే అయిపోతుంది. పేపర్‌లో ఒక్కో అక్షరం రబ్బరుతో చెరపడం బదులు పేజీ చింపేయడం అన్నమాట.

పాఠం 3: వందల నుంచి వేలకి

హోస్టులు పెరిగాక ఒక్కోదానికి చేత్తో ఐటమ్స్ పెట్టడం జరగని పని. ఇక్కడ టెంప్లేట్లు, మ్యాక్రోలు, లో లెవెల్ డిస్కవరీ కలిసి పనిచేస్తాయి. డిస్కవరీ ఏం చేస్తుందంటే, మెషీన్‌లో ఎన్ని డిస్కులు ఉన్నాయి, ఎన్ని నెట్‌వర్క్ పోర్టులు ఉన్నాయి అని అదే కనుక్కుని, వాటికి ఐటమ్స్, ట్రిగ్గర్లు అదే తయారుచేస్తుంది. 48 పోర్టుల స్విచ్ కొత్తగా కలిపితే మనం టెంప్లేట్ తగిలిస్తే చాలు. కానీ ఫిల్టర్ పెట్టకపోతే, ఎవరూ వాడని పోర్టులన్నింటికీ 'లింక్ డౌన్' అలర్టులు తయారై కూర్చుంటాయి. సౌకర్యం ఎంతో, గోల కూడా అంతే.

మ్యాక్రో ఉపయోగం ఏంటంటే, టెంప్లేట్‌లో 90 అనే లిమిట్ ఉంటుంది. రాత్రి బ్యాకప్ నడిపే ఒక్క సర్వర్‌కి మాత్రం 98 కావాలి. టెంప్లేట్‌ని ముట్టుకోకుండా ఆ హోస్ట్ దగ్గర మ్యాక్రో ఒక్కటి మార్చుకుంటే సరి. ఇలా చేయకుండా టెంప్లేట్లని కాపీ కొట్టుకుంటూ పోయిన చోట, రెండేళ్ల తర్వాత ఏది ఒరిజినలో ఎవరికీ తెలీదు.

విశాఖలో బ్రాంచి, హైదరాబాద్‌లో మెయిన్ సర్వర్ అనుకుందాం. మధ్యలో లింక్ పోతే? విశాఖలో ప్రాక్సీ ఉంటే అది అక్కడే కొలతలు తీసుకుంటూ తన దగ్గర దాచుకుంటుంది, లింక్ రాగానే పంపిస్తుంది. డిఫాల్ట్‌గా ఈ ఆఫ్‌లైన్ బఫర్ ఒక గంట మాత్రమే. వర్షాకాలంలో మూడు గంటలు లింక్ పోయే చోట ఆ సెట్టింగ్ మార్చకపోతే, రెండు గంటల డేటా గ్రాఫ్‌లో ఖాళీగా మిగిలిపోతుంది. ఇలాంటివి మాన్యువల్‌లో ఒక్క లైన్‌లో ఉంటాయి. దెబ్బ తగిలాకే గుర్తుంటాయి.

పాఠం 4: కాపలాదారుడికి కాపలా ఎవరు?

మానిటరింగ్ సర్వరే పడిపోతే ఆ విషయం మనకి ఎవరు చెప్తారు? జాబిక్స్ తనని తాను కూడా కొలుచుకోగలదు: డేటా తెచ్చే పోలర్లు ఎంత బిజీగా ఉన్నాయి, క్యాష్ ఎంత నిండింది, క్యూలో ఎన్ని ఐటమ్స్ ఆలస్యమయ్యాయి. క్యూ పెరుగుతోందంటే మనం చూసే గ్రాఫులు ఇప్పటివి కావు, పాతవి. 2022లో వచ్చిన 6.0 వెర్షన్ నుంచి హై అవైలబిలిటీ కూడా లోపలే ఉంది. ఒక నోడ్ పనిచేస్తుంటే మిగతావి స్టాండ్‌బైలో ఉంటాయి, అది పోతే ఇంకోటి బాధ్యత తీసుకుంటుంది. కానీ నోడ్లన్నీ వాడేది ఒకే డేటాబేస్. దానికి వేరుగా రెప్లికా లేకపోతే ఈ ఏర్పాటు సగమే.

అంతకంటే పెద్ద విషయం, అలర్ట్ వెళ్లే దారి. గిట్‌ల్యాబ్ కథ దీనికి క్లాసిక్ ఉదాహరణ. 2017 జనవరి 31న ఒక ఇంజనీర్ రాత్రిపూట రెప్లికేషన్ సమస్య సరిచేస్తూ పొరపాటున అసలు డేటాబేస్ సర్వర్‌లోనే ఫోల్డర్ డిలీట్ చేశాడు. ఆపేసరికి దాదాపు 300 జీబీలో 4.5 జీబీ మిగిలింది. బ్యాకప్ చూస్తే, డేటాబేస్ వెర్షన్ 9.6, బ్యాకప్ టూల్ 9.2. అందుకే బ్యాకప్ ఫెయిల్ అవుతూ వచ్చింది. మరి ఫెయిల్ అయిందని మెయిల్ వెళ్లలేదా? వెళ్లింది. కానీ మెయిల్ ప్రామాణీకరణ సరిగ్గా లేక అవతలి మెయిల్ సర్వర్ వాటిని తిప్పికొట్టింది. చివరికి ఆరు గంటల ముందు చేత్తో తీసిన ఒక స్నాప్‌షాట్ దొరికింది కాబట్టి నష్టం ఆరు గంటల డేటాతో ఆగింది. ఈ వివరాలన్నీ గిట్‌ల్యాబే దాచకుండా రాసి బయటపెట్టింది. అది మెచ్చుకోవాల్సిన విషయం.

ఇక్కడ నేర్చుకోవాల్సింది సింపుల్. వారానికోసారి కావాలనే ఒక ఉత్తుత్తి సమస్య సృష్టించి, అలర్ట్ నిజంగా ఫోన్‌కి చేరుతుందా చూడాలి. చూడకపోతే ఎంత? నిమిషాల లెక్క కూడా పెట్టుకోవాలి: మొదటి మనిషి 15 నిమిషాల్లో ఒప్పుకోకపోతే రెండో మనిషికి వెళ్లాలి. దీన్ని ఎస్కలేషన్ అంటారు. ఆ రాత్రి నా డెస్క్‌లో ఇది లేదు. నేను ఒక్క క్లిక్‌తో అన్నీ చదివేశానని మార్క్ చేస్తే, అక్కడితో కథ ముగిసిపోయింది.

పాఠం 5: అన్ని తాళాలూ ఒక్కడి దగ్గరే

మానిటరింగ్ సర్వర్ ప్రతి మెషీన్‌తో మాట్లాడుతుంది. పాస్‌వర్డులు, నెట్‌వర్క్ మ్యాప్ అన్నీ దాని దగ్గరే ఉంటాయి. అందుకే దాడి చేసేవాళ్లకి అది బంగారు గని. సోలార్‌విండ్స్ ఓరియన్ అనే మానిటరింగ్ ప్లాట్‌ఫామ్ విషయంలో జరిగింది ఇదే. 2020లో దాని అధికారిక అప్‌డేట్లలోకే సన్‌బర్స్ట్ అనే మాల్వేర్ చొరబడింది. దాదాపు 18,000 మంది కస్టమర్ల దాకా ఆ అప్‌డేట్ చేరింది. 2020 డిసెంబర్ 13న విషయం బయటపడగానే, ఓరియన్‌ని వెంటనే డిస్‌కనెక్ట్ చేయమని అమెరికా ఫెడరల్ సంస్థలకి ఎమర్జెన్సీ ఆదేశం వెళ్లింది.

మనం చేయాల్సినవి: డిఫాల్ట్ అడ్మిన్ పాస్‌వర్డ్ మొదటి నిమిషంలోనే మార్చాలి. సర్వర్‌కీ ఏజెంట్‌కీ మధ్య ఎన్‌క్రిప్షన్ పెట్టాలి. ఏజెంట్‌లో రిమోట్ కమాండ్లు డిఫాల్ట్‌గా ఆఫ్‌లో ఉంటాయి, అవసరం లేకుండా ఆన్ చేయకూడదు. డేటాబేస్‌ని చూడటానికి ఇచ్చే యూజర్‌కి చదివే పర్మిషన్ మాత్రమే ఇవ్వాలి. 'పని అయిపోవాలి కదా' అని ఫుల్ పర్మిషన్ ఇచ్చేస్తే, ఇంటి కాపలావాడికి బీరువా తాళం కూడా ఇచ్చినట్టే.

మరి ఈ ట్రైనింగ్ ఎవరికి, ఎలా?

జాబిక్స్ అధికారిక ట్రైనింగ్‌లో యూజర్, స్పెషలిస్ట్, ప్రొఫెషనల్, ఎక్స్‌పర్ట్ అని నాలుగు మెట్లు ఉన్నాయి. ప్రొఫెషనల్‌కి వెళ్లాలంటే ముందు స్పెషలిస్ట్ అవ్వాలి. నా సలహా: కనీసం ఆరు నెలలు నిజమైన సిస్టమ్స్ చూసుకున్నాక పై మెట్లకి వెళ్లండి. దెబ్బలు తగలని వాళ్లకి ఆ పాఠాలు వట్టి సెట్టింగుల లిస్టులా అనిపిస్తాయి. మీ ఆఫీసులో నాగియోస్ ఉన్నా, ప్రొమీథియస్ ఉన్నా పర్లేదు. మెనూలు మారతాయి, ప్రశ్నలు అవే.

ఇప్పటికిప్పుడు డబ్బు పెట్టకుండా మొదలుపెట్టాలంటే, మూల పడేసిన పాత ల్యాప్‌టాప్ చాలు. డాకర్‌తో జాబిక్స్ వేయండి. ఇంట్లో రౌటర్, ఇంకో కంప్యూటర్ కలపండి. ఆ తర్వాత కావాలనే పాడుచేయండి. ఏజెంట్‌ని ఆపేయండి: డ్యాష్‌బోర్డ్ ఎంతసేపు పచ్చగా అబద్ధం చెప్తుందో చూడండి. పెద్ద ఫైల్ తయారుచేసి డిస్క్ నింపండి: నిండకముందే చెప్పిందా, నిండాక చెప్పిందా? రౌటర్ తీసేయండి: ఎన్ని మెసేజ్‌లు వచ్చాయో లెక్కపెట్టండి. ఒకటి కంటే ఎక్కువ వస్తే డిపెండెన్సీ సెట్ చేసి మళ్లీ తీయండి. మానిటరింగ్ సర్వర్‌నే ఆఫ్ చేయండి: ఎవరైనా మీకు చెప్పారా? ఈ నాలుగూ సొంతంగా చేసినవాడు ఇంటర్వ్యూలో ఏ సర్టిఫికెట్ లేకపోయినా ధైర్యంగా మాట్లాడగలడు.

ఆ ఘటన తర్వాత మా టీమ్‌లో ఒక రూల్ పెట్టుకున్నాం. కొత్త ట్రిగ్గర్ రాసేవాళ్లు దాని వివరణలో ఒక లైన్ రాయాలి: 'ఇది రాత్రి రెండింటికి వస్తే ఏం చేయాలి?' జవాబు రాయలేకపోతే ఆ ట్రిగ్గర్ ఎవరి ఫోన్‌కీ వెళ్లదు, డ్యాష్‌బోర్డ్‌లోనే ఉంటుంది. ఆ ఒక్క లైన్ రాయించడం మొదలుపెట్టాక నైట్ షిఫ్ట్‌లో ఫోన్ మోగడం బాగా తగ్గింది. మోగితే మాత్రం లేచి చూస్తున్నాం.